నా చక్రాల కింద నిమ్మకాయలు

నేను ఒక కూరగాయల మినీ వ్యానును. కోర్టు నన్ను వదిలిందన్న కబురు వచ్చినప్పుడు పోలీసు స్టేషన్ వెనక పిచ్చిమొక్కల్లో, పగిలిన దీపంతో నిలబడి ఉన్నాను. నా యజమానులు హరనాథ్, సౌజన్య కొత్తగా పెళ్లయినవాళ్లు. సౌజన్య పరుగెత్తుకొచ్చి నా అద్దానికి మల్లెదండ కట్టింది. నాకు ఒళ్లు మండింది. మనుషులను గుద్దిన ముఖానికి పూలా?

పెళ్లయిన వారానికే నన్ను కొన్నారు. హారన్ మోగితే చాలు, ఇద్దరూ నవ్వేవారు. దసరాకు ఆయుధపూజ చేశారు. కత్తులకు పెట్టే బొట్టు, కూరలు మోసే నాకెందుకో అప్పుడు అర్థం కాలేదు. అనకాపల్లి మార్కెట్ గేటు ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఇంజన్ ఆన్ చేసి, హరనాథ్ కిందికి దిగాడు. దంపతులు కలిసి హారతి ఇవ్వాలట, ఫొటో కూడా కావాలట. తాళం నాలోనే ఉంది.

అక్కడ ఒకడు కాచుకుని ఉన్నాడు. దారికి అడ్డమని ఫిర్యాదు చేసి తన బడ్డీ కొట్టు తీయించారని మార్కెట్ వాళ్ల మీద వాడికి కక్ష. ఒక్క ఉదుటున నాలోకి ఎక్కాడు. నిమ్మకాయలు చితికాయి. ఆ తర్వాత నా కింద పడినవి నిమ్మకాయలు కావు. కొత్తిమీర కట్టలు కట్టుకుంటున్న నూకరాజు మళ్లీ లేవలేదు. బెండకాయలమ్మే పైడితల్లి కాలు విరిగింది. జనం ఎటు పారిపోతే అటే తిప్పాడు స్టీరింగు. బ్రేకు నా ఒంట్లోనే ఉంది, కాలు వాడిది. వాణ్ని క్షమించను. తర్వాత నా పక్కన నిలబడి సెల్ఫీలు దిగినవాళ్లనూ క్షమించను.

ఈ సాయంత్రం నన్ను మళ్లీ అదే గేటుకు తెచ్చారు. లోపలికి రానిస్తేనే ఆ ఇద్దరికీ బతుకుతెరువు. కూరలమ్మే ఆడవాళ్లు అడ్డంగా నిలబడ్డారు.

“దీన్ని తుక్కు కొట్టుకి తోలీండి,” అంది ఒకామె. నేనూ అదే అనుకున్నాను.

పైడితల్లి కుంటుకుంటూ వచ్చి, చేతికర్రతో నా బంపరు మీద ఒక్కటి వేసింది. నాకు హాయిగా అనిపించింది.

“ఇదేటి సేసిందే? తాళం ఒగ్గీసి ఫొటోలు దిగిన ఈళ్లననాల.”

సౌజన్య తల దించుకుంది. “మమ్మల్నీ ఒకటి వెయ్యండి పిన్నీ.”

“నా కర్ర ఇరిగిపోద్ది. పూలు బాగున్నాయి గానీ ఇను. నూకరాజు పెళ్లానికి మడి కాడ్నించి కొత్తిమీర తెచ్చీవోడు లేడు. రేపు పొద్దున్న ఈ బండే తేవాల. నిమ్మకాయలు నాను పెడతాను. హారతి అయ్యేదాకా తాళం మాత్రం నా కొంగున ఉంటాది.”