తండ్రి గొంతులో పాలచుక్క

బొగోటాలోని ఆ ఆసుపత్రిలో రోజూ పొద్దున్నే తూకం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని తల్లులూ తండ్రులూ కంగారూల్లా గుండెకు కట్టుకుని వరసలో నిలబడతారు. విప్పడం, తూచడం, మళ్లీ కట్టుకోవడం. ఆ వరసలో ఆరెపా రొట్టెలు కాల్చి అమ్ముకునే ఫాబియో కూడా ఉన్నాడు.

అతని కొడుకు తోబియాస్‌కి మింగడం రాదు. చప్పరిస్తాడు, ఆ తర్వాత ఏం చెయ్యాలో మరిచిపోతాడు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. అయితే వాడి గొంతులో చుక్క ఆగినప్పుడల్లా అది ఫాబియో గొంతులోకి వచ్చేది. అతను గుటక వేసేవాడు. నర్సు సీసా ఖాళీ అని రాసుకుని, మూతి తుడుచుకోమని అతనికో కాగితం ఇచ్చేది. సీసాతో బాగానే తాగుతున్నాడు కదా అని, ముక్కు గొట్టంలో పోసే పాలు సగానికి తగ్గించారు.

పది రోజులుగా తూకం కదల్లేదు. ఇవాళా అంతే. నోటితో తాగేది వాడి ఒంటికి పట్టడం లేదు, అందుకే రేపు పొట్టకు కన్నం చేసి గొట్టం పెడతామని డాక్టరు చెప్పేశాడు.

తోబియాస్ తల్లి నైరా మొగుడి బెల్టు వంక చూసింది. "వాడికి పెరగాల్సింది నీకు పెరుగుతోంది."

"ఆరెపాలే. వేడివేడిగా ఉంటే ఆగలేను."

పిల్లలకు మింగడం నేర్పే ఒఫీలియా డాక్టరమ్మ నవ్వలేదు. "ఆరెపాలు కాదు బాబూ, వాడి పాలు. నువ్వు తాగుతున్నావు, మేం వాడు తాగాడని రాసుకుంటున్నాం."

ఫాబియో మొహం పాలిపోయింది. "నేను మింగకపోతే వాడికి ఊపిరాడదు కదమ్మా?"

"నువ్వు మింగుతుంటే వాడెందుకు నేరుస్తాడు? ఇవాళ మింగకు. నా వేలు వాడి గడ్డం కిందే ఉంటుంది."

ఒఫీలియా బిడ్డను పక్కకి తిప్పి పడుకోబెట్టి, సీసా నోటికి అందించింది. నైరా మొగుడి గొంతు మీద చెయ్యేసింది, ప్రేమతోనో, దొంగ గుటక పట్టుకోడానికో.

మొదటి చుక్క. వెచ్చగా వచ్చి ఫాబియో గొంతులో కూర్చుంది. అతను బిగబట్టాడు. పక్కనున్న తెర మీద బిడ్డ ఆక్సిజన్ అంకె తొంభై అయిదు, తొంభై, ఎనభై ఆరు. ఒఫీలియా సీసా తీసేసింది. బిడ్డ పెదాలు నీలం తిరుగుతున్నాయి. నర్సు ఆక్సిజన్ గొట్టం అందుకుంది. ఒక్క గుటక వేస్తే చాలు, అంతా సర్దుకుంటుంది. ఫాబియో కళ్లలోంచి నీళ్లు కారాయి, గొంతు మాత్రం కదల్లేదు.

"నీదేరా నాన్నా, అది నీదే," అంటూ ఒఫీలియా గడ్డం కింద మెల్లగా నిమురుతోంది.

ఎనభై రెండు.

చుక్క మాయమైంది. ఫాబియో మింగలేదు, నైరా చేతికి తెలుసు. బిడ్డ గొంతులో చిన్న గుటక వినిపించింది, వెంటనే ఊపిరి. అంకె పైకెక్కింది. రెండో చుక్క తండ్రి గొంతును తాకి వెళ్లిపోయింది. మూడోది రానేలేదు.

సీసా సగమయ్యాక ఒఫీలియా నర్సుతో అంది: "రేపటి ఆపరేషన్ ఆపమని డాక్టరుకి చెప్పు."

"మింగుతున్నాడయ్యా వాడు. ఇక ఊపిరి తీసుకో," అంది నైరా.

ఫాబియో తల అడ్డంగా ఊపాడు. నోరు బిగించి, వచ్చే చుక్కకి ఇంకా కాపలా కాస్తున్నాడు.