మునీశ్వరుడు తిప్పి పంపిన బాదంపప్పు

స్వీడన్‌లో డిసెంబరు వచ్చిందంటే మధ్యాహ్నం మూడింటికే చీకటి పడిపోతుందని మనవరాలు చందన చెబితే అచ్చమ్మ నమ్మలేదు.

"మూడింటికి సీకటడిపోతే ఆరేసిన గుడ్డలు ఎప్పుడెండుతాయే?"

"ఎండవు మామ్మా. బయటంతా మంచే లా," అంది చందన, మలేషియాలో పుట్టి పెరిగిన పిల్ల అలవాటుగా మాట చివర 'లా' తగిలించి.

ఈ సంగతులన్నీ మోసుకొచ్చింది ఎలిన్. సైబర్‌జయలో చందన పనిచేసే కంప్యూటర్ కంపెనీలోనే ఆ స్వీడన్ పిల్లకీ ఉద్యోగం. వచ్చి నాలుగు నెలలైంది. క్రిస్‌మస్ దగ్గరపడేసరికి ఇంటిమీద బెంగ పెట్టుకుని, ఆఫీసు క్యాంటీన్‌లో కొబ్బరిపాల అన్నం నాసి లెమాక్ ముందు కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అందులోని సంబల్ పచ్చడి కారానికి ఏడుస్తోందనుకుని చందన ముందు పంచదార తెచ్చిపెట్టింది. తీరా బెంగ అని తెలిశాక, "మీ పండగ మా ఇంట్లో చేద్దాం, రా" అనేసింది. అనడానికేం, వండేది మామ్మ కదా.

వంటకి అచ్చమ్మ బెదరదు. ఆవిడ బెంగ వేరే ఉంది. దాని పేరు కేరాణి యోగేశ్వరన్.

ఆయన బటాంగ్ బెర్జుంటై దగ్గర రబ్బరు ఎస్టేట్‌లో కేరాణీగా, అంటే గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. అచ్చమ్మ అదే ఎస్టేట్‌లో తెల్లారకుండా లేచి రబ్బరు చెట్లకి గాట్లు పెట్టి పాలు తీసిన మనిషి. ఇప్పుడు ఇద్దరిదీ క్లాంగ్‌లో ఒకే వీధి. ఆయన భార్య పోయి చాలా కాలమైంది, ఈవిడ భర్త పోయి ఇంకా ఎక్కువ కాలమైంది. రోజూ సాయంత్రం ఆయన వచ్చి, కారు పోర్చిలో కూర్చుని టీ తాగి, పేపరు చదివి వినిపించి వెళతాడు. ఇంట్లో ఎవరికీ అందులో వింత కనబడలేదు. గోడ గడియారం ఉన్నట్టు ఆయనా ఉన్నాడు.

అలాంటి మనిషి రెండు వారాల కిందట గవర్నమెంటు క్లినిక్‌లో, ఇద్దరూ రక్తపోటు మాత్రలు తీసుకుని బయటికి వస్తుండగా, గొంతు సవరించుకున్నాడు.

"అచ్చమ్మా, మనిద్దరి మాత్రలూ ఒకటే. వేరేవేరే డబ్బాలెందుకు? ఒకే డబ్బాలో పెట్టుకుంటే పోదా?"

పెళ్ళి అన్న మాట ఆయన నోట రాలేదు. బతుకంతా దొరలకి విన్నవించుకుంటూ గడిపిన మనిషికి సూటిగా అడగడం ఎక్కడ చేతనవుతుంది? అయినా అచ్చమ్మకి అర్థమైపోయింది. చెవులు వేడెక్కాయి. "ఆలోసించి సెప్తాను" అని చెప్పి వచ్చేసింది. ఆ రోజు నుంచీ ఆయన వచ్చే వేళకి ఆవిడకి ఎక్కడ లేని నిద్ర ముంచుకొస్తోంది, లేదా స్నానం గుర్తొస్తోంది. ఇష్టం లేక కాదు. ఇష్టమే. కానీ కొడుకు కన్నబాబు ఏమంటాడు? మనవరాలికి ఇంకా కాకుండా మామ్మ పెళ్ళికి సిద్ధమైందంటే వీధి వీధంతా పగలబడి నవ్వదూ? ఆ నవ్వు తలుచుకుంటేనే ఆవిడకి వణుకు.

క్రిస్‌మస్ ముందురోజు మధ్యాహ్నం ఎలిన్ ఉన్ని స్వెట్టర్ తొడుక్కుని దిగింది. స్వెట్టర్ నిండా జింకల బొమ్మలు. క్లాంగ్ ఉక్కకి ఆ జింకలన్నీ తడిసిపోయి ఉన్నాయి. కోడలు సుమిత జాలిపడి ఫ్యాను ఆఖరుదాకా తిప్పింది. పండగకి ఇది వేసుకోకపోతే వాళ్ళమ్మ వీడియోలో చూసి బాధపడుతుందట.

ఇక వంటింట్లో పాఠం మొదలైంది. ఎలిన్ ఇంగ్లీషులో చెప్పడం, చందన తనకొచ్చిన ముక్కల తెలుగులో దించడం.

"బియ్యం పాలల్లో ఉడకేస్తారు మామ్మా. చిటికెడు ఉప్పు. దాల్చిన చెక్క."

"ఏలక్కాయి?"

"లేదు."

"బెల్లం?"

"లేదు. పైన పంచదార చల్లుకుంటారు, అంతే."

"పాపం," అంది అచ్చమ్మ. అని ఎలిన్ అటు తిరగ్గానే సువాసనకి పాండాన్ ఆకు ముడివేసి పాలల్లో పడేసింది. ఏలక్కాయలు కూడా నాలుగు నలిపి వేసింది. దూరదేశం నుంచి వచ్చిన పిల్లకి చప్పిడి కూడు పెట్టడానికి ఆవిడకి చేతులు రాలేదు.

తరవాత ఎలిన్ ఇంకో సంగతి చెప్పింది. వాళ్ళ ఊళ్ళల్లో ప్రతి ఇంటికీ ఒక పొట్టి ముసలాయన కాపలా ఉంటాడట. తెల్ల గడ్డం, ఎర్ర టోపీ. ఎవరికీ కనబడడు. ఇంటినీ గొడ్డునీ కాస్తాడు. పండగనాడు ఆయనకో గిన్నె పరమాన్నం, పైన వెన్న వేసి, బయట పెట్టాలి. వెన్న మరిచిపోతే కోపమొచ్చి ఇల్లు అల్లకల్లోలం చేసేస్తాడు.

అచ్చమ్మ గరిటె ఆపింది. "సుట్ట కాలుస్తాడా?"

చందన అడిగింది. పైపు కాలుస్తాడని ఎలిన్ చెప్పింది.

"అయితే మావోడే," అని అచ్చమ్మ తేల్చేసింది. ఎస్టేట్‌లో కూలీల లైను ఇళ్ళు పడగొట్టినప్పుడు ఆవిడ ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన కాపలా దేవుడు, చుట్టలంటే ఇష్టపడే మునీశ్వరుడి రాయి గేటు పక్కనే ఉంది. ఏ పండగ వచ్చినా మొదటి గిన్నె ఆయనకే పోతుంది, దాన్ని పట్టుకెళ్ళి పెట్టేది కన్నబాబు. ఆ దేశంలో కూడా ఆయనకి చుట్టాలున్నారని తెలిసి అచ్చమ్మకి స్వీడన్ మీద గౌరవం కలిగింది.

ఆఖరున ఎలిన్ ఒక బాదంపప్పు తీసి, అందరికీ చూపించి, ఉడుకుతున్న పరమాన్నంలో వేసింది.

"ఒక్కటేనా?" అంది సుమిత. వియ్యాలవారు చూస్తే ఏమనుకుంటారన్నంత సిగ్గుపడింది.

"ఒక్కటే ఉండాలంట అమ్మా. అది ఎవరి గిన్నెలో వస్తే వాళ్ళకి ఏడాది తిరక్కుండా పెళ్ళి."

సుమిత అత్తగారి వైపు చూసింది. అత్తగారు కోడలి వైపు చూసింది. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళకి ఒక మాట మీద ఏకాభిప్రాయం కుదిరింది అప్పుడే. చందనకి ముప్ఫై దగ్గరపడుతోంది. పెళ్ళి మాటెత్తితే ఫోను తీసుకుని మేడ మీదకి పోతుంది. ఇంత పెద్ద విషయాన్ని గరిటె దయకి వదిలేయడమా? సుమిత ఆడపిల్లలిద్దరినీ హాల్లోకి తీసుకెళ్ళి పెళ్ళి ఆల్బం తెరిచింది. అచ్చమ్మ పొయ్యి ఆపి, గరిటెతో దేవి దేవి ఆ పప్పుని పట్టేసింది. నీలిపువ్వుల గిన్నెలో అడుగున దాన్ని పెట్టి, పైన పరమాన్నం నింపి, మూతపెట్టి కిటికీ పక్కన ఉంచింది. మిగతా నీలిపువ్వుల గిన్నెలు బల్ల మీద వరసగా పెట్టింది. మూతపెట్టింది చందనది. లెక్క సరిపోయింది.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర గొంతు వినబడింది.

"అచ్చమ్మా! చందనమ్మ రమ్మంది."

యోగేశ్వరన్. ఇస్త్రీ చొక్కా, చేతిలో అరటిపళ్ళ హస్తం. అచ్చమ్మ గరిటె అక్కడే వదిలేసి బాత్‌రూంలో దూరింది. మొహం కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. బయటికి వచ్చేసరికి కిటికీ పక్కన మూతగిన్నె లేదు. సుమిత చందన ముందు పెట్టేసి ఉంటుందిలే అనుకుంది.

అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. కన్నబాబు రబ్బరు గ్లవుజుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. తిండి దగ్గర మాత్రం ఎవరి సూపర్‌విజనూ ఒప్పుకోడు. అప్పటికే చెంచా పట్టుకుని ఉన్నాడు. ఇంతలో ఆకాశం నల్లబడింది. క్లాంగ్‌లో ఆ వేళకి రోజూ వచ్చే వానే. కానీ ఇల్లంతా చీకటైపోయేసరికి ఎలిన్ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. "అచ్చం మా ఊరే!" అని చందన ఆమె మాట చెప్పింది. వాన తెచ్చిన సంతోషమంతా ఆ పిల్లదే.

"వోయ్, మునీశ్వరుడి గిన్నె తడిసిపోద్ది!" అని అచ్చమ్మ పరిగెత్తి, రాయి ముందున్న గిన్నె తెచ్చేసింది. ఎలిన్ గాభరాపడింది. తెల్లారేదాకా బయటే ఉండాలి కదా?

"మావోడు బేగి తినేత్తాడని సెప్పు," అంది అచ్చమ్మ.

దేవుడికి పెట్టింది లోపలికి వచ్చాక ఇంట్లో పెద్దవాళ్ళు తినాలి. అది ఆ ఇంటి ఆనవాయితీ. అచ్చమ్మ కళ్ళకద్దుకుని, పైన కరిగిన వెన్న పక్కకి నెట్టి తినసాగింది. బాగుంది. అడుగుకి వచ్చేసరికి పంటి కింద గట్టిగా ఏదో తగిలింది.

నాలుకతో తిప్పి చూసింది. బాదంపప్పు.

అచ్చమ్మ నమలడం ఆపేసింది. పప్పుని ఎడమ బుగ్గలోకి నెట్టి, తల దించుకుని కూర్చుంది.

బల్ల మీద గిన్నెలన్నీ ఖాళీ అవుతున్నాయి. సుమిత కూతురి గిన్నెలోకి మెడ చాచి చాచి చూస్తోంది. "నీకేటీ తగల్లేదా? సరిగ్గా నమిలినావా?"

"లేదు అమ్మా."

"నీ గిన్నెలో ఉండిపోయిందేమో," అని కన్నబాబు కూతురి కోసం త్యాగం చేసి అడుగంటా గీకి తినేశాడు. దొరకలేదు. ఎలిన్ నవ్వింది. ఎవరికో దొరికింది, దాస్తున్నారు అంది.

"అత్తయ్యా, మూతగిన్నె ఎవరికిచ్చినారు?" అని సుమిత గుసగుసలాడింది.

"ఊఁ," అంది అచ్చమ్మ.

"మూతగిన్నె దేవుడికే కదా," అన్నాడు కన్నబాబు. "నానే వెన్నేసి రాయికాడ ఎట్టినాను."

ఆ ఇంట్లో మూతపెట్టి పక్కన ఉంచిన గిన్నె ఎప్పుడూ దేవుడిదే. తప్పు కన్నబాబుది ఎలా అవుతుంది? సుమిత మాత్రం ఆ మాట విననే లేదు, అత్తగారి బుగ్గ చూస్తోంది. "పన్ను నొప్పా అత్తయ్యా? బుగ్గ వాసింది."

"ఊఁహూఁ."

చందన చటుక్కున లేచింది. ఆఫీసులో ప్రథమ చికిత్స శిక్షణ ఇచ్చారు, అది ఇన్నాళ్ళకి పనికొచ్చింది. "మామ్మా, మాట రావట్లేదా? రెండు చేతులూ పైకెత్తు!"

అచ్చమ్మ ఎత్తింది.

"ఇప్పుడు నవ్వు!"

అచ్చమ్మ నవ్వింది. పప్పు జారిపోకుండా నవ్వాలి కాబట్టి కుడిపక్క మాత్రమే నవ్వింది.

"నాన్నా! పక్షవాతం!"

కుర్చీలు పడ్డాయి. కన్నబాబు కారు తాళాలు తీశాడు, మళ్ళీ పారేసుకున్నాడు. సుమిత ఏడుపు అందుకుంది. యోగేశ్వరన్ మొహం తెల్లబోయి, అచ్చమ్మ చెయ్యి పట్టుకున్నాడు. అందరి ముందూ పట్టుకున్నాడు. "అచ్చమ్మా, నన్ను సూడు. నన్ను వొదిలెల్లిపోకు," అన్నాడు.

ఆ మాటకి అచ్చమ్మ గుండె కరిగి నీరైంది. ఆయన్ని ఇంకో క్షణం అలా ఉంచడం ఆవిడ వల్ల కాలేదు. బాదంపప్పుని అరచేతిలోకి ఉమ్మింది.

ముందు అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తరవాత ఎలిన్, "ఏడాదిలోపు పెళ్ళి!" అని చప్పట్లు కొట్టింది. అంతే, నవ్వులు మొదలయ్యాయి.

"మామ్మకి పెళ్ళి!" అని చందన బల్ల మీద వాలిపోయింది. కన్నబాబు కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు. "ఇంకా నయం, పెళ్ళికొడుకుని ఎక్కడ తెచ్చేది? తాత ముత్తాతల కాలం నుంచా..." అని మాట పూర్తిచెయ్యలేకపోయాడు.

రెండు వారాలుగా ఆవిడ భయపడిన నవ్వు ఇదే. వచ్చేసింది. ఆశ్చర్యమేమిటంటే, వచ్చాక అందులో చావడానికేమీ లేదు. ఒళ్ళు మండింది, అంతే. ఎదురుగా నవ్వని మనిషి ఒక్కడే ఉన్నాడు. ఇంకా ఆవిడ చెయ్యి వదల్లేదు.

"కేరాణీగోరూ," అంది అచ్చమ్మ. "రేపెల్లి డబ్బా కొనండి. పెద్దది."

యోగేశ్వరన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏటి డబ్బా?" అన్నాడు కన్నబాబు, ఇంకా నవ్వుతూనే.

"మా ఇద్దరి మాత్రలూ ఏసుకోడానికి. క్లినిక్‌కాడ అడిగినారు. సెప్తానన్నాను. ఇప్పుడు సెప్పినాను."

నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. చందన తల ఎత్తింది. మామ్మ చేతినీ, ఆ చేతిని పట్టుకున్న చేతినీ చూసింది. ఎలిన్ ఏమైందని గుచ్చిగుచ్చి అడుగుతుంటే, "మీ బాదంపప్పు చాలా ఫాస్ట్" అని మాత్రం ఇంగ్లీషులో చెప్పగలిగింది.

కన్నబాబు కుర్చీ లేపి నిలబెట్టి, దాంట్లో కూలబడ్డాడు. "జనం ఏటనుకుంటారమ్మా?"

"ఇంతసేపూ మీరనుకున్నారు కదా. అంతకంటే ఎక్కువ అనలేరు."

కన్నబాబు తల్లి ముందున్న గిన్నె వైపు చూశాడు. అంచున ఇంకా వెన్న అంటుకుని ఉంది. ఆయన మొహంలో ఏదో మెల్లగా వెలిగింది.

"ఇది... నాను పట్టికెల్లిన గిన్నె కదూ?"

"నువ్వు పట్టికెల్లిందే. మునీశ్వరుడు నాకు తిప్పి పంపినాడు."

"అంటే ఈ పెళ్ళి నా సేతుల మీదే జరిగిపోయిందన్నమాట."

"కన్నకొడుకువి, నువ్వు కాక ఎవుడు సేత్తాడు?"

బయట వాన దంచుతోంది. అచ్చమ్మ కొడుకునే చూస్తోంది. కన్నబాబు లేచి, ఇంకో గిన్నెలో పరమాన్నం వేసి, దానిమీద వెన్న రెండు చెంచాలు గుమ్మరించి, గొడుగు తీసుకుని గేటు దగ్గరికి బయల్దేరాడు. గడప దాటబోతూ ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"డబ్బా నాను కొంటాను లా."