గది ఖాళీ అయితేనే వచ్చే అల్లుడు

పదిన్నరకి కాగితం రాసేస్తానని బ్రిడ్జెట్ టీచర్ చెప్పింది. నా మనవరాలు కైలీన్‌ని మూడో తరగతిలో ఉంచాలా, రెండుకి దించాలా అన్నది అందులో తేలిపోతుంది. నా కూతురు దూరాన ఆలిస్ స్ప్రింగ్స్ పట్నంలో, ఆస్పత్రిలో ఉంది. మాట్లాడవలసింది పిల్ల తండ్రే.

"రెండుసార్లు పిలిచాం. రెండుసార్లూ గేటు దాకా వచ్చి వెళ్లిపోయాడు. కూతురి చదువంటే ఇంత కూడా పట్టదా ఆంటీ?"

నేను కిటికీ వైపు చూడలేదు. ఇప్పుడూ అతను గేటు దగ్గర కారులోనే ఉన్నాడని తెలుసు. అత్తా అల్లుడూ ఒక గదిలో ఉండకూడదు, ఒకరి పేరు ఒకరు పలకకూడదు. కోపమేమీ లేదు. మాలో మర్యాద అదే. తెలిసిన ఆదివాసీ మనిషి పక్కనుంటే తండ్రికి ధైర్యమని, అతని మాట ఇంగ్లీషులో టీచర్‌కి చెప్పడానికి బడివాళ్లు నన్నే కూర్చోబెట్టారు. మూడేళ్ల కిందటే అక్షరాలు దిద్దిన నాకు, బడిలో ఇచ్చిన ఆ కుర్చీ వదలబుద్ధి కాలేదు. తప్పు నాదే.

పది ఇరవై. బ్రిడ్జెట్ పెన్ను మూత తీసింది.

బడిలో వంట చేసే మైరా టీ తెచ్చింది. నా అల్లుడికి మేనత్త.

"ఏం వదినా, ఆ కుర్చీకి బంక రాశారా? నువ్విక్కడ అతుక్కుంటే మావాడు గేటుకి అతుక్కోడూ?"

బయట కారు స్టార్టయింది.

నేను లేచాను. "టీచర్, నేనుంటే అతను రాడు. రాకూడదు."

"మీరు వెళ్తే ఆయన మాట నాకెవరు చెప్తారు?"

"కైలీన్ చెప్తుంది." వెనక బెంచీ మీదున్న పిల్లని చూపించాను.

"క్లాసులో పిలిస్తే పలకని పిల్లా?"

"నాన్న పిలిస్తే పలుకుతుంది."

వెనక తలుపులోంచి వెళ్లి, నీళ్ల ట్యాంకు చాటున గోడకేసి తిరిగి కూర్చున్నాను. మైరా గొంతు బడంతా మోగింది. "ఒరేయ్, ఆపరా ఆ డొక్కు కారు! గది ఖాళీ! లోపలికి తగలడు!"

ఇంజిను ఆగలేదు. చాలాసేపు ఆగలేదు. తర్వాత ఆగింది. మెట్ల మీద బూట్ల చప్పుడు.

కిటికీలోంచి అతని గొంతు మా భాషలో నెమ్మదిగా వినిపించింది. వెంటనే కైలీన్ గొంతు: "టీచర్, నేను మొద్దుని కాదంట. చిన్నప్పుడు చెవులు చీము కారి ఎడమది పోయిందంట, కుడిది దగ్గర్నించి పిలిస్తే వినపడుతుందంట. ఉడుముల వేటకి పోతే నాన్న ఎప్పుడూ నాకు కుడిపక్కే నడుస్తాడు. మీరు ఎటు నిలబడి పిలుస్తారు అని అడుగుతున్నాడు."

టీచర్ కుర్చీ కిర్రుమంది. అడుగులు. "కైలీన్!" పలుకు లేదు. మళ్లీ అడుగులు. ఈసారి మెల్లగా, "కైలీన్."

"ఏంటి టీచర్?"

కాసేపటికి కైలీన్ కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "మూడులోనే అమ్మమ్మా! ముందు బెంచీ! చెవి డాక్టర్‌కి కూడా రాసింది. నువ్వూ సంతకం పెట్టాలంట."

తండ్రి గడిలో అతని పేరుంది. నాకిప్పుడు చదవడం వచ్చు. ఆ పేరు మీద బొటనవేలు అడ్డం పెట్టి, కింద నా పేరు రాశాను.

"టీచర్‌కి చెప్పు, వచ్చేసారి నా కుర్చీ ఇక్కడ వేయమని."

కారు వెళ్లేదాకా గోడ వైపే చూస్తూ కూర్చున్నాను.