పెడల్ కింద బోల్టు

మేస్త్రి లారీ కింద వెల్లకిలా పడుకుని, పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను గేర్‌బాక్స్‌కు ఆనించి, పిడికి చెవి పెట్టి వింటున్నాడు. లోపల పళ్లచక్రాలు సాఫీగా తిరుగుతున్నాయి. బేరింగు ఏడవడం లేదు. గేర్‌బాక్స్‌లో ఏ దోషమూ లేదు. అతనికి చిరాకేసింది.

ఇరవై రెండేళ్లుగా ఈ షెడ్డులో అతను ఎవరికీ ఎదురు చెప్పింది లేదు. ఈల వెయ్యని కుక్కర్ అంటుంది భార్య.

ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగడం లేదని డ్రైవరు మూడు నెలలుగా మొత్తుకుంటున్నాడు. ఓనరు మాత్రం వీడు క్లచ్ మీద కాలేసుకుని నిద్రపోతాడని, సాయంత్రం తాళాలు లాక్కుని పంపేస్తానని అందరిముందూ అన్నాడు. తప్పు డ్రైవరుదేనని మేస్త్రి ఒక కాగితం రాసివ్వాలి. నిన్న విప్పి మార్చిన క్లచ్ ప్లేటు మాడిన రొట్టెలా గోడకు ఆనుకుని ఉంది. కాల్చింది డ్రైవరు కాలే. కానీ ఎందుకు కాల్చాల్సి వచ్చింది?

మేస్త్రి ఇంజను దగ్గర యాక్సిలరేటర్ లివర్‌ను చేత్తో చివరిదాకా లాగాడు. ఇంజను గర్జించింది. క్యాబిన్‌లో ఉన్న డ్రైవరును యాక్సిలరేటర్ పెడల్ తొక్కమన్నాడు. లివర్ సగంలోనే ఆగిపోయింది.

"మొత్తం తొక్కావా?"

"ఇంకా తొక్కితే కాలు రోడ్డు మీద ఉంటుంది బాబాయ్."

మేస్త్రి క్యాబిన్ ఎక్కి రబ్బరు చాప ఎత్తాడు. పెడల్ కింద రేకుకు అతికించిన బోల్టు. వెల్డింగ్ చివర చిన్న తోక. చేతిరాతను గుర్తుపట్టినట్టు గుర్తుపట్టాడు. తనదే.

పదేళ్ల కిందట డీజిల్ ఆదా అవుతుందని ఓనరు చెబితే, పన్నెండు లారీలకూ ఒకే మధ్యాహ్నం పెట్టేశాడు. ఆ తర్వాత ఎత్తుల మీద బండి లాగక, సగం క్లచ్ తొక్కి నడిపి, దాన్ని కాల్చుకున్న డ్రైవర్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. తప్పు వాళ్ల కాలిదేనని రాసిచ్చిందీ తనే. మరిచిపోలేదు. గుర్తు రానివ్వలేదు, అంతే. కోపం ముందు ఓనరు మీదికి పోయింది. అక్కడ నిలవలేదు. వెనక్కి వచ్చి అతని గుండెల మీదే కూర్చుంది.

గ్రైండర్ పట్టుకుని బోల్టు కోసేశాడు. నిప్పురవ్వలు మెడ మీద పడుతున్నా తలెత్తలేదు.

ఓనరు గదిలో కాగితం బల్ల మీద పెట్టాడు. క్లచ్ కాలింది బోల్టు వల్ల, బోల్టు పెట్టింది మేస్త్రి, పెట్టించింది ఓనరు అని మూడే ముక్కలు. ఓనరు చదివి, పాత మనిషివని ఊరుకుంటున్నానని, మార్చి రాయమని నెమ్మదిగా అన్నాడు.

"మిగతా పదకొండు బళ్ల డ్రైవర్లకూ చాప ఎత్తి చూసుకోమని చెప్పేశాను," అన్నాడు మేస్త్రి. "ఈ డ్రైవరు తాళాల జోలికి వెళ్లకండి. నేను పోతున్నాను."

చేతులు కూడా కడుక్కోకుండా పనిముట్ల పెట్టె ఎత్తుకుని గేటు దాటాడు. ఎవరూ ఆపలేదు. కాసేపటికి లారీ షెడ్డులోంచి బయటికొచ్చి ఎదురుగా ఉన్న ఎత్తు ఎక్కింది. ఇంజను నిండు గొంతు ఓనరు గది కిటికీ అద్దాలను వణికించింది.

ఓనరు ఆ కాగితాన్ని చించబోయి ఆగాడు. అది ఎగిరిపోకుండా మేస్త్రి కోసిన ఆ బోల్టునే పెట్టి వెళ్లాడు. పదేళ్లుగా చాప మీంచి పెడల్ వచ్చి వచ్చి నొక్కిన దాని తల అద్దంలా మెరుస్తోంది.