ఇంక, ఇంకా

"వాడేమని అరిచాడు?" అని అడిగింది భార్య. ఆసుపత్రి వరండాలో అంత పొడుగు బల్ల ఖాళీగా ఉన్నా కూర్చోకుండా, మొగుడి ఎదురుగా నిటారుగా నిలబడి మరీ అడిగింది.

లోపల ఆమె తమ్ముడి కాలు తీసేస్తున్నారు. సంతకం పెట్టింది ఆమే. ఆమె మొగుడు మేస్త్రీ తన చేతులకేసి చూసుకుంటున్నాడు. ఇళ్ళకి టైల్స్ పరిచి బతికే మనిషి కాబట్టి గోళ్ళ సందుల్లో ఎప్పుడూ సిమెంటు ఉంటుంది. ఇవాళ దానిమీద బావమరిది రక్తం ఎండిపోయి ఉంది.

"ఇంకా అన్నాడు" అన్నాడు మేస్త్రీ.

"ఇంకా అన్నాడా? ఇంక అన్నాడా?"

"ఇంకా అన్నాడనే విన్నాను."

"విన్నావా, వినాలనుకున్నావా?"

అతను గోటి సందు గీక్కున్నాడు. ఆమె కాసేపు చూసి, "సరే, వాడు కళ్ళు తెరుస్తాడు కదా, వాణ్ణే అడుగుతాను. 'ఇంక' అన్నానని వాడి నోట్లోంచి వచ్చిందా, నీకూ నాకూ అక్కడితో సరి. నీ గడప తొక్కితే ఒట్టు" అంది. ఊరికే బెదిరించే రకం కాదామె. ఆ ఇంట్లో ఉత్తుత్తి మాటలన్నీ మొగుడివే.

ఒక్క దీర్ఘం మీద కాపురం వేలాడటం ఏమిటి, చోద్యం కాకపోతే, అంటారు వినేవాళ్ళు. అనేవాళ్ళకేం, వీళ్ళిద్దరూ పనిచేస్తుంటే చూడలేదు కదా. బావమరిది మెకానిక్. ఊరి చివర అద్దె షెడ్డు, షెడ్డు వెనకే గది. పెళ్ళీ పెటాకులూ లేవు. సెలవు దొరికితే చాలు, బావ అక్కడే తేలేవాడు. వాడు బండి కింద దూరితే ఈయన జాకీ కొట్టేవాడు. కిందనుంచి "ఇంకా" అని సాగదీస్తే ఇంకా లేపమని. "ఇంక" అని తుంచేస్తే ఇంక చాలు, ఆపమని. ఆగు, చాలు, వద్దు... భాషలో శుభ్రమైన మాటలు ఎన్ని లేవు! వీళ్ళకి అవేవీ ఆనలేదు.

"ఆపు అని ఏడవచ్చు కదరా" అనేది అక్క, క్యారేజీ పట్టుకొచ్చినప్పుడల్లా.

"బావని పట్టుకుని 'ఆపు' అంటే తిట్టినట్టుంటుందక్కా" అనేవాడు తమ్ముడు బండి కిందనుంచి.

తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆ అక్కే. పెళ్ళయి మొగుడింటికి వచ్చేటప్పుడు వెంటబెట్టుకొచ్చింది కూడా. సైకిల్ తొక్కడం నేర్పింది బావ. మొదటిసారి గడ్డం గీసింది బావ. ఆ మర్యాద వాడి నాలుక మీద అలాగే ఉండిపోయింది. నిశ్శబ్దంగా ఉండే షెడ్డులో, మూరెడు దూరంలో, ఆ మాట ఎన్నడూ తప్పలేదు. తప్పని మాటని ఎవరు మాత్రం మార్చుకుంటారు?

ఇక బండి సంగతి. వారమంతా మేస్త్రీ టైల్స్ పెట్టెలు మోసే పికప్ అది. దాని మానాన అది మోసుకుంటూ బతికేది. ఎవరో ఒకాయన ఇంట్లో మేస్త్రీ స్నానాలగది పని చేస్తున్నప్పుడు తగులుకుంది ఈ రోగం. ఆయనకీ ఆయన స్నేహితులకీ కొండల్లోకి బండ్లు తోలే సరదా. రోడ్డు లేనిచోటే పోవాలట. ఉన్న రోడ్డు ఏం పాపం చేసిందో! మాట వరసకి "నువ్వూ రారాదూ" అన్నారు. ఈయన ఎగురుకుంటూ పోయాడు. మొదటి వాగులోనే పికప్ పొట్ట రాయికి తట్టుకుని, నాలుగు చక్రాలూ గాల్లో ఊరికే తిరిగాయి. తాడేసి లాగారు. లాగి, "టైల్స్ బండి" అని పేరు పెట్టారు. ఆ తర్వాత ఎప్పుడు కనపడినా, "ఏమయ్యా టైల్స్ బండీ" అనే పిలుపు. బండికి పెట్టిన పేరు మనిషికి అంటుకుంది.

ఇంటికొచ్చి ఆ మాట ఎవరికీ చెప్పలేదు. బావమరిదితో మాత్రం, "దీన్ని లేపాలిరా" అన్నాడు.

బావమరిదికి కూడా అది పండగే. పాడైపోయినవాటిని బాగుచెయ్యడమే తప్ప కొత్తగా ఏదైనా చేసే అవకాశం వాడికెప్పుడొచ్చింది గనక? వెనక కమాను పట్టీలు మార్చాడు, ముందు స్ప్రింగులు పొడుగువి వేశాడు. పెద్ద టైర్లు పట్టేలా చక్రాల మీది రేకు అంచులు కోశాడు. ఇంజను కింద రాళ్ళు తగలకుండా ఉక్కుపలక బిగించాడు. ముందు ప్లాస్టిక్ బంపరు పీకేసి, మందపాటి ఇనుపది తనే కొలిచి, తనే కోసి, తనే వెల్డింగు చేశాడు. దాన్ని అరచేత్తో తట్టి, "ఏనుగొచ్చి గుద్దినా దీనికేం కాదు బావా" అన్నాడు.

"ఇంకో రెండంగుళాలు లేపు" అన్నాడు మేస్త్రీ.

"వద్దు బావా. ఇప్పటికే ఎక్కువైంది. బానెట్ ముందు ఏముందో నీకు కనపడదు."

"ముందు నిలబడి చెప్పడానికి నువ్వున్నావుగా!"

లేపాడు. బావ అడిగితే వాడెన్నడు కాదన్నాడు? తర్వాత సైలెన్సర్ కూడా మార్పించాడు ఈయన. కొండ మీద ఆ పెద్దమనుషుల బండ్లన్నీ గర్జిస్తాయట, ఈయనది మాత్రం దగ్గుతుందట. కొత్తది పెట్టి ఇంజను వేస్తే షెడ్డు రేకులు గడగడలాడాయి. క్యారేజీ తెచ్చిన భార్య రెండు చెవులూ మూసుకుని, "దీంట్లో కూర్చుంటే పక్కవాడి చావుకేక కూడా వినపడదు" అంది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

అలా ముస్తాబు చేసుకుని ఆ ఉదయం కొండకి పోయారు బావా, బావమరిదీ.

వాగు దాటేశారు. రాళ్ళబాట ఎక్కేశారు. టైల్స్ బండి అన్నవాళ్ళంతా నోరెళ్ళబెట్టి చూశారు. మేస్త్రీ ఛాతీ ఉబ్బి చొక్కా గుండీలు తెగుతాయేమో అన్నట్టున్నాడు. పైన ఒకచోట బాటకి అడ్డంగా నడుమెత్తు మెట్టులాగా బండ ఉంది. దాని పక్కనే నిలువుగా కొండచరియ. మిగతా బండ్లు పక్కదారిన చుట్టి పోయి, పైన వరసగా నిలబడ్డాయి. "నువ్వూ ఇటే రావయ్యా, అది నీవల్ల కాదు" అని అరిచాడు స్నానాలగది ఆయన.

"ఎందుక్కాదు?" అన్నాడు మేస్త్రీ.

బావమరిది దిగి, మెట్టు ఎక్కి, చరియకి వీపు ఆనించి నిలబడ్డాడు. చక్రం ఎక్కడ పడుతోందో కనపడే చోటు అదొక్కటే. మేస్త్రీ బండిని మెల్లగా పోనిచ్చాడు. ముందు చక్రాలు బండని పట్టుకున్నాయి. ముక్కు లేచింది. అద్దం నిండా ఆకాశం తప్ప ఇంకేమీ లేదు. బావమరిది బానెట్ వెనక మాయమయ్యాడు.

"ఇంకా... ఇంకా..." వినపడుతోంది. తొక్కుతున్నాడు.

చక్రం కొస మీదకొచ్చి చరియ వైపు జారింది. అప్పుడు అరిచాడు వాడు. ఆ గర్జనలో మేస్త్రీ చెవికి చేరింది 'ఇంక' వరకే. దీర్ఘం ఉందో, ఇంజను మింగేసిందో! ఉందనే అనుకుని ఇంకాస్త తొక్కాడు.

అంతవరకూ ఎవరికైనా జరిగేదే. ఆ తర్వాత ఇంకోసారి అరిచాడు వాడు. ఆ అరుపు పొట్టిగా ఉంది. మేస్త్రీ యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు. తీసిన మరుక్షణం బండి వెనక్కి జారబోయింది. పైనుంచి ఎవరో ఈల వేశారు. ఎవరో నవ్వారు. "చెప్పానా!" అన్న మాట ఒకటి, అది మాత్రం ఏ గర్జనా అడ్డం రాకుండా, స్పష్టంగా వినపడింది.

మళ్ళీ తొక్కాడు.

బండి ఒక్క దూకు దూకింది. ఇనుప బంపరు చరియకి కొట్టుకుంది. బంపరుకీ చరియకీ మధ్య బావమరిది కాళ్ళున్నాయి.

ఈ రెండో అరుపు సంగతి మేస్త్రీ వరండాలో చెప్పలేదు. చెబుదామని నోరు తెరిచాడు కూడా. భార్య మొహం చూసి మూసుకున్నాడు. ఆమె పోతే తనకెవరున్నారు? పిల్లలా, జెల్లలా? పొద్దున లేస్తే ఆమె మొహం, పడుకునేటప్పుడు ఆమె తిట్లు, అంతే కదా తన బతుకు! పైగా వాడు లోపల చచ్చిపోతే ఆ రెండో అరుపు తనతోనే పోతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా వచ్చింది, వచ్చి కూర్చుంది, లేచి పొమ్మంటే పోలేదు.

వాడు చావలేదు. కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. ఎడమకాల్లో ఇనుపకడ్డీలు దింపారు. అది నిలబడటానికి పనికొస్తుందో లేదో చెప్పలేమన్నాడు డాక్టరు. బండ్ల కింద పాకే పని మాత్రం మర్చిపొమ్మన్నాడు.

మత్తు వదిలి మాట వచ్చిన రోజున ఎండ కిటికీలోంచి మంచం మీద పడుతోంది. అక్క మొదట తమ్ముడి మొహం తడిగుడ్డతో తుడిచింది. పెదాలకి నీళ్ళద్దింది. ఇక ఆగలేకపోయింది.

"ఒరేయ్, ఒక్కటే అడుగుతాను. దాచకుండా చెప్పు. ఆఖర్న నువ్వేమని అరిచావు?"

మేస్త్రీ మంచం కోడు దగ్గర నిలబడి ఉన్నాడు. కోడు పట్టుకున్నాడు. బావమరిది పైకప్పుకేసి చూశాడు. తర్వాత బావకేసి చూశాడు, చాలాసేపు.

"ఇంకా అన్నాను" అన్నాడు.

"నిజంగా?"

"నిజమే అక్కా. ఎక్కేస్తుందనుకున్నాను. నా అంచనా తప్పింది. బావ నేను చెప్పినట్టే చేశాడు."

అంతే, ఆమె ఎన్నాళ్ళనుంచో బిగబట్టుకున్నదంతా బయటికొచ్చింది. "నీ నోట్లో మన్నుపడ! నీ కాలు నువ్వే చేజేతులా నరుక్కున్నావు కదరా! ఆపు అనమని ఎన్నిసార్లు మొత్తుకున్నాన్రా! మర్యాదట మర్యాద, ఏం చేసుకుంటావురా ఇప్పుడా మర్యాద?" అంటూ తమ్ముడి భుజం మీద కొట్టింది. కొట్టిన చోటే తల పెట్టి ఏడ్చింది. వాడు తిట్లన్నీ పడ్డాడు.

ఆ తర్వాత లేచి, మొగుడి దగ్గరికొచ్చి, అతని చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. "నిన్ను కాల్చుకు తిన్నాను కదయ్యా. మనసులో పెట్టుకోకు" అంది. అతను "ఛ, ఛ" అన్నాడు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆమె కళ్ళు తుడుచుకుని, ఫ్లాస్కు తీసుకుని, పాలకోసం కిందికి వెళ్ళింది. ప్రాణం తేలికపడ్డ మనిషి నడక అది, చూస్తేనే తెలుస్తోంది.

"బావా, తలుపు దగ్గరగా వెయ్యి" అన్నాడు బావమరిది.

వేశాడు.

"రెండోసారి అరిచింది నీకు వినపడింది."

మేస్త్రీ తలుపుకేసి చూశాడు. "ఒరేయ్, ఆ చప్పుడులో..."

"నాతో చెప్పకు బావా. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఇంజను ఎలా దిగుతుందో నాకు తెలీదా? ఆ బండి ప్రతి చప్పుడూ నేను పెట్టిందే కదా. తీశావు. హమ్మయ్య అనుకున్నాను. మళ్ళీ తొక్కావు."

మేస్త్రీ మంచం పక్కన కూలబడ్డాడు. ఏడుపొచ్చింది. అది బావమరిది కోసమో, తన కోసమో తనకే తేలలేదు. "మరి అక్కతో అలా ఎందుకు చెప్పావురా?"

"అక్క నిన్నొదిలేసి నా దగ్గరికొస్తే? ఎక్కడికొస్తుంది? ఆ షెడ్డుకి ఇప్పుడు అద్దెవరు కడతారు? అక్క నడుమేమన్నా నన్ను ఎత్తగలిగిన నడుమా? మంచం మీంచి దించాలి, దొడ్డికి మోసుకెళ్ళాలి, కడగాలి, మళ్ళీ తెచ్చి పడుకోబెట్టాలి. రోజూ. ముసలాణ్ణయ్యేదాకా." ఆయాసం వచ్చి ఆగాడు. "నాకు నీ చేతులు కావాలి బావా. అందుకని చెప్పాను. క్షమించాననుకునేవు, అదేం లేదు."

"నేనే చెప్పేస్తాన్రా దానికి. ఇప్పుడే చెప్పేస్తాను."

"చెప్పి నువ్వు హాయిగా ఏడుస్తావు. నా గతేంటి?"

వరండాలో ఎవరో బకెట్టు ఈడ్చుకుంటూ పోయారు. బావమరిది నొప్పికి పళ్ళు కొరుక్కుని, "వీపు మండిపోతోంది. కాస్త పైకి జరుపు" అన్నాడు.

మేస్త్రీ లేచి, వాడి చంకల కింద చేతులు పోనిచ్చి, ఛాతీకి ఆనించుకుని ఎత్తాడు. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడ్డప్పుడు కూడా ఇలాగే ఎత్తాడు వాణ్ణి. అప్పుడు వాడు మెడ చుట్టూ చేతులేశాడు. ఇప్పుడు చేతులు రెండూ పక్కనే పెట్టుకున్నాడు, మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. ఫ్లాస్కు పట్టుకుని వచ్చిన భార్య గుమ్మంలోనే ఆగి వాళ్ళిద్దరినీ కళ్ళనిండా చూసుకుంది.

"చూశావుట్రా, ఇలాంటి బావ ఎంతమందికి దొరుకుతాడు?" అంది, పాలు గ్లాసులో పోస్తూ.

"అవునక్కా" అన్నాడు తమ్ముడు.