తూములో పిప్పరమెంటు

కొడుకు విల్‌ఫ్రెడ్ పోయినప్పటి నుంచి సెలీనాకి పొద్దూ మాపూ తేడా తెలియడం లేదు. ఇంగ్లండులోని ఆ కాల్డర్ లోయ మంచూ మిల్లు పొగా కలిసి కిటికీ అద్దాలకు మీగడలా పట్టేసేవి. ఆ తెల్లదనంలోనే టీ కాచేది, నేల తుడిచేది. పిల్లాడు మెట్ల మీద తచ్చాడుతున్నట్టే ఉండేది. జ్వరంలో వాడు మంచు చూస్తానంటే కిటికీ తీసింది తనే. ఆ చలిగాలే వాడి గొంతు పట్టేసిందని ఆమె బాధ. పక్కింటి మార్తా ఊరుకుందా? "చేజేతులా చంపుకుంది" అని వీధంతా చాటింది. దాని నోరు పడిపోను! మొగుడు ఎనక్ మాత్రం పల్లెత్తు మాట అనలేదు. ఆ అనకపోవడమే సెలీనాని తినేసేది.

అందుకే ఊరి ఆరోగ్య ఇన్‌స్పెక్టరు మిస్ టార్డాఫ్ వచ్చి, "తప్పు మురుగు తూముదేమో చూద్దామమ్మా. గొట్టం పగిలి పాడుగాలి ఇంట్లోకొస్తే గొంతుజబ్బు పట్టుకుంటుందంటారు మా డాక్టర్లు" అనగానే ఆమె గుండె ఝల్లుమంది.

పెరటి తూములో పిప్పరమెంటు తైలం పోసి, పైన వేణ్నీళ్లు గుమ్మరిస్తారు. ఇంట్లో వాసనొస్తే గొట్టం పగిలినట్టే. పోసిన మనిషి మాత్రం లోపలికి రాకూడదు, చేతుల వాసనతో పరీక్ష చెడుతుంది. పొయ్యమని తైలం సీసా ముందురోజే ఎనక్‌కి ఇచ్చింది మిస్ టార్డాఫ్.

"పెరట్లోనే ఉండాలి, తెలిసిందా?"

"నేనేమన్నా పసివాణ్ణా తల్లీ!"

మర్నాడు ఆడవాళ్లిద్దరూ తలుపులు బిగించుకుని వంటింట్లో నిలబడ్డారు. బొగ్గు, సబ్బు, నిన్నటి కాబేజీ వాసన. అంతే. పైకెక్కి విల్‌ఫ్రెడ్ గది తలుపు తీశారు. చల్లగా, తియ్యగా, మిఠాయి కొట్లోకి వచ్చినట్టుంది.

"వచ్చింది! అమ్మయ్యో, నేను కాదు! నేను కాదు!" సెలీనా మంచం పక్కన కూలబడిపోయింది. గది మొత్తం నీళ్ల మీద తేలుతున్నట్టుంది ఆమెకి.

మిస్ టార్డాఫ్ గోడ వెంట వాసన చూస్తూ నడిచింది. కింది తూము గొట్టం గోడ వెంట పైకొచ్చే మూల వాసనేమీ లేదు. దిండు దగ్గర ఆగింది. గలేబు మీద నూనె మరక. గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది కానీ సెలీనా చూడనే చూసింది. లేచి కిటికీ అద్దంలోంచి కిందికి చూసింది. పెరట్లో ఎనక్ ఇంకా నిప్పులు ఊదుకుంటున్నాడు. కెటిల్ కాగలేదు. తూము మూతైనా తియ్యలేదు మహానుభావుడు!

"తూముదేనమ్మా తప్పు" అంది మిస్ టార్డాఫ్, మరక మీంచి చెయ్యి తియ్యకుండా. "ఎలాగూ తవ్విస్తాను."

సెలీనా మెట్లు దిగి పెరట్లోకి వెళ్లింది.

"తూముదేనటయ్యా."

"నే అనుకోలా!" అన్నాడు ఎనక్, తలెత్తకుండానే.

ఇన్నాళ్లూ ఈ మనిషి లోలోపల తననే తప్పుపడుతున్నాడనుకుంది. పాపం, తెల్లారకముందే లేచి, బిడ్డ దిండుకి తైలం పూసొచ్చాడు. ఆ చెయ్యి లాక్కుని మొహానికి అదుముకుంది. ఘాటుకి కళ్లు భగ్గుమన్నాయి. బిడ్డను మట్టిచేసిన రోజున కూడా ఒక్క చుక్క రాల్చని ఆ తల్లి, మార్తాతో సహా వీధంతా వింటుండగా, గొంతెత్తి ఏడ్చింది.