టైరుకు మూడు బొట్లు

చక్రాలు మార్చమని నాకు సలహా ఇవ్వని మగవాడు, అమెరికాలో మేముండే నేపర్‌విల్‌లో లేడు. టైర్ల షాపువాడైతే మరీను. నా రెండు సీట్ల మాజ్దా కారుకి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పదమూడంగుళాల చక్రాలు చూసి పెదవి విరిచాడు. పదిహేనంగుళాలవి వేస్తే గానీ మంచి టైరు పట్టదన్నాడు. అదీ నాతో కాదు, పక్కన నిలబడ్డ మా ఆయనతో. నాకు ఒళ్ళు మండింది.

"కారు నాది. నాతో మాట్లాడండి" అన్నాను.

మెకానికల్ ఇంజనీర్‌ని. రెండు వారాలపాటు లంచ్ టైములో కేటలాగులు ముందేసుకుని లెక్కలు కట్టాను. చక్రం పెద్దదైతే బరువు పెరుగుతుంది, కారులో చురుకు తగ్గుతుంది. పాత చక్రాలకే వెడల్పాటి, మెత్తటి రబ్బరు టైర్లు వేస్తే చాలు. చక్రం వెడల్పుకి రెండు వందల ఐదు మిల్లీమీటర్ల టైరు ఆఖరి హద్దు. ఆ హద్దులోనే తీసుకున్నాను. అరవై వేల మైళ్ళు మన్నే టైర్లు చూపించి మా ఆయన గొణిగాడు గానీ, మన్నిక కావాల్సింది ఆయనకి, పట్టు కావాల్సింది నాకు.

ఎందుకంటే పందెం అలాంటిది. కాకినాడ నుంచి మా అత్తగారు రాజేశ్వరమ్మగారు ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. వచ్చిన వారానికే మా ఆయన కృష్ణమోహన్ కొత్త పాట ఎత్తుకున్నాడు.

"ముగ్గురం ఒక కార్‌లో వెళ్ళాలంటే ఎలా వసూ? నా కారు ఎలాగూ ముసలిదైపోయింది. రెండూ అమ్మేసి ఒక స్టేషన్ వ్యాగన్ కొందాం. అమ్మ వెనకాల హాయిగా కూర్చుంటుంది."

ఆ మాజ్దా నా మొదటి ప్రమోషన్‌తో నేను కొనుక్కున్నది. అమ్మడానికి నేను ఒప్పుకోలేదు. నెలకో ఆదివారం కాలేజీ పార్కింగ్ లాట్‌లో నారింజరంగు కోన్ల మధ్య కార్లు నడిపి టైమ్ చూసే పోటీ ఉంటుంది, ఒక్కొక్కరికి మూడు పరుగులు. పాత టైర్ల మీద నాకు యాభై రెండు సెకన్లు పట్టింది. "యాభై లోపు చేస్తే నా కారు ఉంటుంది. లేదంటే మీ వ్యాగన్ మీరు కొనుక్కోండి" అన్నాను. ఆయన నవ్వి చెయ్యి కలిపాడు.

ఆదివారం పొద్దున్న బయల్దేరబోతుంటే అత్తగారు చిన్న గిన్నెతో గరాజ్‌లోకి వచ్చారు.

"కొత్త టైర్లు కదమ్మా, బొట్టు పెట్టకుండా ఎలా?"

"లేట్ అవుతోంది అత్తయ్యా."

"ఎంతసేపు? నువ్వు తాళం తిప్పేలోపు అయిపోతుంది."

పసుపు కలిపిన తడి బియ్యప్పిండితో ఒక్కో టైరుకూ మూడేసి బొట్లు పెట్టారు. నేల తాకే అంచు దగ్గర మొదలుపెట్టి టైరు పక్కభాగం మీదికి, ఒకదాని కింద ఒకటి. నేను విసుగ్గా స్టీరింగ్ మీద వేళ్ళు ఆడిస్తూ కూర్చున్నాను. నేను మాజ్దాలో, తల్లీకొడుకులు ఆయన కార్‌లో, దారి పొడవునా మామూలు వేగంతో వెళ్ళాం. దిగేసరికి బొట్లు ఆరి, మూడూ మూడుగానే ఉన్నాయి.

మొదటి పరుగు యాభై పాయింట్ తొమ్మిది. మలుపుల్లో ముందు భాగం జారుతోంది. నా లెక్క ఎక్కడ తప్పిందో తెలియలేదు. కృష్ణమోహన్ జేబులోంచి వ్యాగన్ బ్రోషర్ తీసి తీరిగ్గా మడత విప్పాడు.

అత్తగారు మాత్రం ముందు టైరు దగ్గర వంగి చూస్తున్నారు.

"అయ్యో, మూడూ చెరిగిపోయాయే! పక్కన పెట్టింది కూడా అరిగిపోయిందేమిటమ్మా?"

నేను ఒక్క గెంతులో అక్కడికి చేరాను. నిజమే. నేల తగలకూడని చోట పెట్టిన మూడో బొట్టు కూడా లేదు. అంటే మలుపులో టైరు పక్కకు ఒరిగి చెంప మీద నడుస్తోంది. సన్నటి చక్రం మీద వెడల్పాటి టైరు వేసి, గాలి మాత్రం పాత టైర్ల లెక్కనే పెట్టాను, అది చాలడం లేదు. రెండు వారాల కేటలాగుల్లో కనపడనిది ఆవిడ పిండిబొట్టులో కనిపించింది. సిగ్గేసింది, దాన్ని మించి సంతోషమేసింది.

"అత్తయ్యా, గిన్నె తెచ్చారా?"

"తెచ్చాను. మిగిలింది పారేయడం ఎందుకని."

"మళ్ళీ పెట్టండి. అచ్చం అలాగే."

కాలి పంపుతో ఒక్కో టైరుకూ ఇంకో ఎనిమిది పౌండ్ల గాలి ఎక్కించాను. రెండో పరుగులో రెండు బొట్లు పోయాయి, టైమ్ యాభై పాయింట్ రెండు. ఇంకో రెండు పౌండ్లు. ఆవిడ మళ్ళీ బొట్లు పెట్టారు. ఈసారి కారు మలుపు మలుపుకీ నేను చెప్పిన మాట విన్నది. ఆఖరి కోను దాటేటప్పటికే నాకు తెలిసిపోయింది.

నలభై తొమ్మిది పాయింట్ ఆరు.

చెరిగింది మొదటి బొట్టు ఒక్కటే, మూడో బొట్టు చెక్కుచెదరలేదు. కృష్ణమోహన్ బ్రోషర్ మడిచి జేబులో పెట్టుకుని, "సరే, కారు ఉంచుకో. మరి అమ్మ మాటేంటి? ఇందులో వెనక సీటే లేదు" అన్నాడు.

అత్తగారు అప్పటికే నా పక్క సీట్లో కూర్చుని బెల్టు వెతుక్కుంటున్నారు.

"అందుకేరా నాకు ఇది నచ్చింది. మీ నాన్నగారి కార్‌లో ముప్పై ఏళ్ళు వెనకే కూర్చున్నాను. నువ్వు నీ కార్‌లో వెనకాల రా. పోనీయమ్మా వసూ."